కంచం దగ్గర సెల్లు: మాన్పించే పద్ధతి, మధ్యలో వచ్చే చిక్కులు

సెల్లు చూపిస్తే తప్ప నోరు తెరవని పిల్లలు నల్లగొండ, పాలమూరు టౌన్లలోనే కాదు, దేవరకొండ, అచ్చంపేట పక్క తండాల్లో కూడా ఉన్నారు. చాలా ఇండ్లలో ఒకరోజు కోపమొచ్చి ఫోను గుంజుకుంటారు. రెండు రోజులు ఏడుపులు నడుస్తాయి, మూడో రోజు మళ్లీ చేతికిస్తారు. అట్లా మానదు. కంచం దగ్గర ఆ ఫోను ఏదో ఒక పని చేస్తుంటుంది, అది ముందు కనిపెట్టాలి. పత్తి ఏరబోయే తల్లికి పొద్దున ఆరున్నరకల్లా బిడ్డకు బువ్వ పెట్టడం అయిపోవాలి, ఫోను పెడితే పది నిమిషాల్లో అయిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న నానమ్మ ఉరికే మనుమడి వెంట పడలేదు, ఫోను వాణ్ని ఒక్కచోట కూర్చోబెడుతుంది. హైదరాబాద్‌కో బొంబాయికో కూలికి పోయిన నాయిన రాత్రి తినే వేళకే వీడియో కాల్ చేస్తాడు. టెన్త్ చదివే పిల్లగాడు మార్కుల సంగతి ఎక్కడ ఎత్తుతారోనని ఫోనులో తల పెడతాడు. ఈ పనిని ఇంకొకరికి అప్పజెప్పకుండా ఫోను తీసేస్తే, నాలుగు రోజులకు అది మళ్లీ కంచం దగ్గరికే వస్తుంది.

అందుకే మొదటి మూడు రోజులు ఏమీ మార్చొద్దు, చూసి రాయండి. గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో చిన్నగా రాసుకున్నా చాలు: ఏ పూట, ఎవరు పెట్టారు, ఫోను మొదటి ముద్దకు ముందే ఇచ్చారా, మధ్యలో ఇచ్చారా, ఆ పూటకు ముందు రెండు గంటల్లో పాలు, చాయ్, బిస్కెట్, ప్యాకెట్లు కడుపులోకి ఏమేం పోయాయి. మధ్యలో ఇస్తున్నారంటే బిడ్డ అప్పటికే కొంత తిని, చాలు అని చెబుతోందన్న మాట. మొదటి ముద్దకు ముందే అడుగుతోందంటే అది అలవాటు, లేదా ఆకలి లేకపోవడం. ఈ రెండింటికీ మందు వేరు. అంగన్‌వాడీకి పోయే పిల్లలైతే అక్కడి టీచరమ్మను ఒక మాట అడగండి. పది మంది పిల్లల మధ్య కూర్చుని ఫోను లేకుండానే అన్నం, గుడ్డు తినేస్తున్నాడని చెబితే, పిల్లవాడికి తినడం వచ్చు, ఇంట్లో తినే తీరునే మార్చాలని తెలిసిపోతుంది.

ఏం చెడిపోతుంది

పిల్లలు పుట్టుకతోనే ఆకలిని, కడుపు నిండడాన్ని గుర్తుపడతారు. తల పక్కకు తిప్పుకోవడం, పెదవులు బిగించడం, చెంచాను నెట్టేయడం, ముద్దను నాలుకతో బయటికి తోసేయడం, ఇవన్నీ చాలు అనే మాటలే. తెర మీద కండ్లు పెట్టిన బిడ్డ ఈ మాటలు చెప్పదు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. దాంతో కొందరు అవసరానికి మించి తింటారు, ఇంకొందరు నమలకుండా ముద్దను బుగ్గన పెట్టుకుంటారు. అరగంట బుగ్గన నిలిచిన పాలన్నం, పప్పన్నం పళ్లు పుచ్చడానికి దారి తీస్తుంది. తొందరగా అయిపోవాలని మెత్తగా పిసికి పెడుతూ పోతే నమలడం అలవాటు కాదు. తొమ్మిది, పది నెలల కల్లా కొంచెం పలుకులున్న తిండికి అలవాటు పడని పిల్లలు తర్వాత గట్టి తిండి పెడితే ఓకరిస్తారు.

అన్నిటికంటే భయపడాల్సింది గొంతులో అడ్డుపడటం. వీడియో చూసి నవ్వుతూ, ఎగురుతూ, పండుకుని తినే బిడ్డకు గింజ శ్వాసనాళంలోకి పోతుంది. మన దగ్గర ఇంటింటా పల్లీలు, గుడాలు (ఉడికించిన గింజలు), ఆశ్వయుజం వస్తే సీతాఫలాలు. నాలుగేళ్లు నిండే దాకా పల్లీ గింజ అట్లే ఇవ్వొద్దు, దంచి పొడి చేసి అన్నంలోనో బెల్లంతోనో కలపండి. శనగ గుడాలు చిదిమి పెట్టండి. సీతాఫలం, బత్తాయి గింజలు పెద్దవాళ్లే తీసి గుజ్జు, తొనలు ఇవ్వాలి. అడ్డుపడి దగ్గలేక, ఏడవలేక నీలంగా మారుతుంటే ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు, తగ్గకపోతే వెనుక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికి, పైకి 5 నొక్కులు, మార్చి మార్చి చేయాలి. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కొద్దు. తల కిందికి ఉండేట్టు ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపున 5 దెబ్బలు, తిప్పి ఛాతీ ఎముక మధ్యలో ఒక అరచేతి మడమతో 5 నొక్కులు. ఇంకొకరు వెంటనే 108కి ఫోను చేయాలి. గుడ్డిగా నోట్లో వేలు పెట్టి తీయబోతే గింజ ఇంకా లోపలికి పోతుంది.

పెద్దవాళ్లకు నష్టం ఇంకో తీరు. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. రీల్స్ చూస్తూ ఏడెనిమిది నిమిషాల్లో తినేసినవాళ్లకు ఆ కబురు అందేసరికి రెండో సారి వడ్డింపు అయిపోయి ఉంటుంది. పరధ్యానంగా తిన్నవాళ్లు ఏం తిన్నదీ సరిగా గుర్తు లేక తర్వాతి పూట కూడా ఎక్కువ తింటారని పరిశోధనల్లో తేలింది. షుగర్ ఉన్నవాళ్ల సంగతి మరీ జాగ్రత్త: ఇన్సులిన్ వేసుకుని ఫోను మాటల్లో పడి తినడం ఆలస్యమైతే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. ఇంటిల్లిపాదీ కలిసి తినాలనే నియమం పెట్టుకున్నా, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు తమ టైముకు తినేయాలి.

ముందు ఆకలి, తర్వాతే ఫోను

ఫోను తీసేసే ముందు వారం పాటు తిండి వేళలు సరిచేయండి. ఇది దాటేసి నేరుగా ఫోను మీద పడ్డవాళ్లు ఓడిపోతారు, ఎందుకంటే ఆకలి లేని బిడ్డకు ఫోను లేకపోతే నోరు తెరవడానికి కారణమే లేదు.

రెండేళ్ల బిడ్డకు ఒక రోజు ఇట్లా ఉంటే బాగుంటుంది: పొద్దున ఏడున్నరకు టిఫిన్ లేదా గట్క (జొన్న, మక్క రవ్వతో వండేది), పదిన్నరకు పండు, ఒంటి గంట లోపు అన్నం, నిద్ర లేచాక నాలుగింటికి ఒక ఉడికించిన గుడ్డో పల్లీల పొడి ఉండో, రాత్రి ఏడున్నరకు అన్నం. ఒక తిండికీ ఇంకో తిండికీ మధ్య రెండున్నర నుంచి మూడున్నర గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. ఏడాది దాటిన పిల్లలకు పాలు రోజుకు అర లీటరు మించకూడదు. సీసా పాలు లీటరు దాకా తాగే బిడ్డకు అన్నం రుచించదు, పైగా పాలల్లో ఇనుము చాలా తక్కువ కాబట్టి రక్తం తగ్గుతుంది. చాయ్ పిల్లలకు అసలు వద్దు, అది ఉన్న ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదు. కిరాణా కొట్టు ప్యాకెట్టు ఐదు రూపాయలదే కావచ్చు, సాయంత్రం ఐదింటికి అది తిన్న బిడ్డ ఏడున్నరకు అన్నం ముట్టదు. అప్పుడు అమ్మ ఫోను తీస్తుంది.

ఎంత పెట్టాలన్న లెక్క కూడా చాలా ఇండ్లలో పెద్దగానే ఉంటుంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు రెండు మూడు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. తొమ్మిది నుంచి పదకొండు నెలలకు పూటకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం, ఏడాది నుంచి రెండేళ్ల దాకా ముప్పావు నుంచి నిండు గిన్నె. ఒక్క ముద్ద ఇంకా, ఒక్క ముద్ద ఇంకా అని కుక్కేది ఈ కొలత దాటాకే అయితే, అక్కడ ఫోను తిండికి కాదు, మన బెంగకు పనికొస్తోంది. కంచంలో తక్కువ పెట్టి, అడిగితే మళ్లీ పెట్టండి.

కారం సంగతి మనవైపు ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దల కూరలోంచి రసం తీసి పిల్లల అన్నంలో కలిపితే ఆ కారానికి పిల్లలు మొహం తిప్పుకుంటారు, వీడియో పెడితే మాత్రం కండ్లు చెమర్చుకుంటూ మింగేస్తారు. పప్పు ఉడికాక కారం, చింతపండు వేయకముందే పిల్లల వాటా చిన్న గిన్నెలోకి తీసి, చిటికెడు ఉప్పు, అర చెంచా నెయ్యి కలపండి. జొన్నరొట్టె అంచులు తీసేసి మధ్య మెత్తటి భాగం వేడి పప్పులోనో పాలల్లోనో ఐదు నిమిషాలు నాననిస్తే ఏడాదిన్నర బిడ్డ కూడా చేత్తో తినగలదు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు, నెలకు 2.5 కిలోల ప్యాకెట్. దాన్ని జావలా పల్చగా కలిపి గిన్నెలతో తాగించే కన్నా, మరిగించిన వేడి నీళ్లు కొద్దికొద్దిగా పోసి ఉండ చేసేంత గట్టిగా కలిపితే బిడ్డ చేత్తో పట్టుకుని తింటుంది. కొత్త కూర పది, పదిహేను సార్లు రుచి చూపిస్తే గానీ అలవాటు కాదు. రెండు సార్లకే ‘వీనికి ఆకుకూర పడదు’ అని తీర్పు ఇవ్వొద్దు.

ఫోను లేని మొదటి పది రోజులు

నాట్లు, పత్తి ఏరుడు జోరుగా ఉన్న రోజుల్లో మొదలుపెట్టొద్దు. జ్వరం, విరేచనాలు, పళ్లు వచ్చే రోజుల్లోనూ వద్దు. ఇంట్లో పెద్దలిద్దరైనా తీరిగ్గా ఉండే వారం చూసుకోండి. మూడు పూటలూ ఒకేసారి మార్చొద్దు. అందరూ ఇంట్లో ఉండే రాత్రి అన్నంతో మొదలుపెట్టి, ఐదు రోజులు నిలబడ్డాక మధ్యాహ్నం, చివర్న పొద్దుటి పూట. పొద్దున తొందర ఎక్కువ కాబట్టి అది చివరికే మేలు.

అన్నానికి పావుగంట ముందు అన్ని ఫోన్లు, అన్నీ అంటే నాయినదీ తాతదీ కూడా, ఒక స్టీలు డబ్బాలో వేసి గూట్లోనో బీరువా మీదో పెట్టండి. చార్జింగ్ ప్లగ్గు తినే చోటే ఉంటే దాన్ని వేరే అర్రకు మార్చండి, కనబడే ఫోను అడిగించే ఫోను. టీవీ కూడా ఆఫ్. సీరియల్ పడకపోతే మనసు ఆగని ఇంట్లో అన్నం సీరియల్‌కు ముందో తర్వాతో పెట్టుకోండి, టీవీ ముందు మాత్రం వద్దు. ఫోను తీసి టీవీ ఉంచితే బిడ్డకు తెర పెద్దదైనట్టే.

చేతులు కడిగించి కింద అందరితో వరుసగా కూర్చోబెట్టండి. పాత చీరో గోనె పట్టానో కింద పరవండి, మెతుకులు పడతాయి, పడనివ్వండి. బిడ్డకు తన కంచం, తన గ్లాసు ఉండాలి. ఫోను చేసిన కూర్చోబెట్టే పనిని ఇప్పుడు చేతులకు అప్పజెప్పాలి: గ్లాసులు తెచ్చి పెట్టడం, ఉప్పు డబ్బా అందించడం, ఉడికించిన గుడ్డు పొట్టు తీయడం, పెరుగు చెంచాతో వేసుకోవడం. రెండు చేతుల్లో పని ఉన్న పిల్లలు తక్కువ అడుగుతారు. మీరు రేగుపండంత ముద్దలు చేసి కంచం అంచున పెట్టండి, నోట్లో కాదు. వాటిని తనే తీసుకోవాలి. మధ్యమధ్య మీరు ఒక ముద్ద తినిపించొచ్చు, కానీ బిడ్డ మీ వైపు చూసినప్పుడే.

20 నుంచి 30 నిమిషాలు, అంతే. తిన్నా తినకపోయినా కంచం తీసేయండి, తిట్టకుండా, బతిమాలకుండా. మొదటి రెండు మూడు రోజులు ఏడుపు పెరుగుతుంది, మామూలులో సగమే తింటారు. ఆ సగానికి భయపడి రాత్రి తొమ్మిదింటికి బిస్కెట్ పాకెట్ ఇస్తే మరుసటి రోజు మళ్లీ మొదటికి వస్తుంది. రాత్రి మరీ తక్కువ తింటే పడుకునే ముందు చిన్న గ్లాసు పాలు చాలు. నాలుగు, ఐదో రోజు కొంచెం తగ్గి, ఒక్కోసారి ఎనిమిదో రోజు మళ్లీ గట్టిగా ఒక ఏడుపు వస్తుంది. ఆ రోజు ఇవ్వకుండా నిలబడితే రెండో వారానికి చాలామంది పిల్లలు అడగడం మానేస్తారు. ఒక్కసారి ఇచ్చినా, గట్టిగా ఏడిస్తే వస్తుందని వాళ్లు నేర్చుకుంటారు, తర్వాతి ఏడుపు ఇంకా పొడుగ్గా ఉంటుంది. నాలుగు సార్లు కాదని ఐదోసారి ఇచ్చేకన్నా మొదటిసారే ఇవ్వడం నయం.

‘అన్నం తింటే సెల్లు ఇస్తా’ అనే బేరం మాత్రం పెట్టొద్దు. దాంతో అన్నం శిక్ష అవుతుంది, ఫోను బహుమానం అవుతుంది. రెండేళ్లు దాటిన పిల్లలకు ఫోను ఇవ్వాలనుకుంటే గడియారాన్ని బట్టి ఇవ్వండి, సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర అని. తిన్నా తినకున్నా అదే టైము. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దు, దూరాన ఉన్న మనవాళ్లతో అప్పుడప్పుడు వీడియో కాల్ తప్ప. రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకు గంట మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలు కూడా ఇంచుమించు ఇదే.

నానమ్మను ఒప్పించకుండా ఇదేదీ నడవదు. పగలంతా బిడ్డను చూసేది ఆమె, సాయంత్రం కోడలు ‘ఇంత చిక్కిపోయిండేంది’ అంటే పడేదీ ఆమే. కాబట్టి తప్పు పట్టినట్టు కాకుండా బాధ్యత మనమే తీసుకున్నట్టు చెప్పాలి. ‘అత్తమ్మా, ఈ పది రోజులు వాడు తక్కువ తింటే తిననియ్యి, నేనేమీ అనను. మధ్యల బిస్కెట్ మాత్రం ఇయ్యకు. నీకు ఉరుకుడు కాకపోతే వాకిట్ల కూసోబెట్టి పెట్టు, ఆకిలి దాటకుండ కట్టె అడ్డం పెట్టిపోత.’ ఈ మాటలో చివరిదే ముఖ్యం, ఆమె కష్టానికి ఒక ఉపాయం దొరకాలి. బిడ్డను అంగన్‌వాడీలో మూడు నాలుగు గంటలు ఉంచితే ఆమెకూ ఊపిరి దొరుకుతుంది.

ఫోనులో చేయాల్సినవి

ఇంట్లో ఒకే ఫోను ఉండి దాన్నే బిడ్డ వాడుతుంటే, యూట్యూబ్‌లో ఆటోప్లే ముందు ఆపండి. వీడియో నడుస్తుండగా పైన కనబడే చిన్న మీటను పక్కకు జరిపితే ఒక వీడియో అయ్యాక ఇంకోటి దానంతటదే రాదు. ఒక పాట అయిపోయింది అనే మాటకు అప్పుడే అర్థం ఉంటుంది.

ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది. అందులో ఫోకస్ మోడ్ తెరిచి యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ఎంచుకుని, షెడ్యూల్‌లో రోజూ ఏడు నుంచి ఎనిమిదిన్నర అని పెట్టండి. ఆ గంటన్నర అవి తెరుచుకోవు. అక్కడే యాప్ టైమర్ కూడా పెట్టొచ్చు. అర్ధరాత్రి దాటితే అది మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మోగుడు ఆగాలంటే డూ నాట్ డిస్టర్బ్ అదే టైముకు పెట్టి, కాల్స్‌లో స్టార్ గుర్తు పెట్టిన నంబర్లకు మాత్రం అనుమతి ఇవ్వండి: ఆసుపత్రిలో ఉన్నవాళ్లు, రాత్రి డ్యూటీవాళ్లు, దూరాన ఉన్న కొడుకు. రిపీట్ కాలర్స్ కూడా ఆన్ చేస్తే 15 నిమిషాల లోపు రెండోసారి చేసినవాళ్ల కాల్ మోగుతుంది, కాబట్టి అత్యవసరం తప్పిపోదు. కంపెనీని బట్టి ఈ పేర్లు, చోట్లు కొంచెం మారుతాయి, సెట్టింగ్స్ పైన ఉండే వెతుకులాట గడిలో పేరు కొడితే దొరుకుతాయి. ఐఫోన్‌లో ఇదే పనికి స్క్రీన్ టైమ్‌లో డౌన్‌టైమ్ ఉంది. ఇవన్నీ పెట్టి ఫోను లాక్ ప్యాటర్న్ మాత్రం పాతదే ఉంచితే లాభం లేదు. మూడేళ్ల పిల్లలకు కూడా ఇంటి ప్యాటర్న్ తెలుసు, దాన్ని మార్చండి.

దూరాన ఉన్న నాయిన కాల్‌ను ఎవరూ ఆపమనరు, అది బిడ్డకు తండ్రిని గుర్తుంచే తాడు. టైము మాత్రం జరపాలి. అన్నం ఎనిమిదింటికి అయిపోతే ఎనిమిదింపావుకు కాల్ అని ముందే మాట్లాడుకోండి. అతని పని షిఫ్ట్ ఒప్పుకోకపోతే అన్నానికి ముందు పెట్టుకోండి. ‘నాయినకు చూపియ్యి, ఒక బుక్క తిను’ అని కాల్‌లోనే తినిపించడం మొదలుపెడితే అది కూడా వీడియో చూస్తూ తిన్నట్టే అవుతుంది.

పెద్దపిల్లల విషయానికి పద్ధతి వేరు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు ఆజ్ఞలు పనిచేయవు. గురుకులాల నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు నెలల తరబడి ఫోను లేకుండా ఉండి వచ్చారు కాబట్టి మొదటి రెండు రోజులు వదిలేయండి. తర్వాత వాళ్లనే అడిగి ఒక పూట ఎంచుకోండి. ఆ పూట అమ్మానాన్నలు పాటించాల్సింది ఒకటుంది: మార్కులు, ర్యాంకులు, పక్కింటి పిల్లతో పోలిక కంచం దగ్గర ఎత్తొద్దు. ఆ మాటలు మొదలైతే ఫోను లేకపోయినా పిల్లలు పది నిమిషాల్లో తినేసి లేస్తారు. వడ్డించే పని, రొట్టె కాల్చే పని వాళ్లకు అప్పజెబితే కూర్చుంటారు. నాయిన ఫోను డబ్బాలో లేనిరోజు పిల్లల ఫోనూ డబ్బాలో ఉండదు, అది ఖాయం.

పెండ్లిళ్లలో, హైదరాబాద్ బస్సులో ఒక పూట తప్పితే కొంప మునగదు. బస్సులో ఫోను ఇవ్వాల్సొస్తే ఇవ్వండి, ఆ టైములో తిండి పెట్టొద్దు. రెండూ కలవకుండా చూసుకుంటే చాలు. దసరా, సంక్రాంతికి చుట్టాలింట్లో అలవాటు తిరగబెట్టినా మళ్లీ పది రోజులు పట్టదు, రెండు మూడు రోజుల్లో దారికి వస్తుంది.

నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూయించి చార్టులో గుర్తు చూడండి. పచ్చ పట్టీలో పైకి పోతున్నంత కాలం కంచంలో మిగిలిన ముద్దల గురించి బెంగ అక్కర్లేదు. పసుపులోకి, నారింజలోకి జారినా, రెండు నెలలు వరుసగా బరువు పెరగకపోయినా అది ఫోను సమస్య అనుకుని ఆగొద్దు. తినేటప్పుడు దగ్గు, పొలమారడం, వాంతులు, మట్టి, బలపాలు, సున్నం తినడం, కనురెప్పల లోపలి వైపు పాలిపోవడం, ఏడాదిన్నర దాటినా పేరు పెట్టి పిలిస్తే చూడకపోవడం, నాలుగైదు రకాల తిండి తప్ప ఏదీ ముట్టకపోవడం ఉంటే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ముందు పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) చూపించి, అక్కడి నుంచి నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోని పిల్లల విభాగానికి పోవచ్చు. పోయేటప్పుడు ఆ మూడు రోజులు రాసుకున్న కాగితం, అంగన్‌వాడీ బరువు కార్డు వెంట తీసుకుపోండి. బిడ్డ ఏమేం, ఏ వేళకు తింటుందన్నదే డాక్టర్ మొదట అడిగేది.